దడి మీద చొక్కా

ఆ చొక్కా తన మొగుడు అబ్బులుదే. పచ్చగళ్ళ చొక్కా, స్నేహితుడు శ్యామ్ బాబు పెళ్ళికి కుట్టించుకున్నది. ఇప్పుడది పక్కింటి సువర్ణ పెరట్లో, దడి మీద చేతులు చాపుకుని వేలాడుతోంది. ఉతికి ఆరేసింది కూడా కాదు. మెడపట్టీ మీద చెమట మరక అలాగే ఉంది. భూలక్ష్మి చేతిలో చీపురు చేతిలోనే ఉండిపోయింది.

ఒళ్ళు భగ్గుమన్నా గోదావరి నోటికి మర్యాద తప్పదు.

"ఏమండీ సువర్ణగారూ, దడి మీద ఆ చొక్కా ఏంటండీ?"

సువర్ణ తన తెల్లటి బొచ్చుకుక్క చిట్టికి పాలన్నం పెడుతోంది. పిల్లికంటే కాస్త పెద్దది, అంతే. "నక్కల కోసమండి అక్కగారూ. పొద్దు వాలేసరికి కొబ్బరితోటలోంచి దడి దాకా వచ్చేస్తన్నాయి. మొన్నొకటి దీని పీక పట్టుకోబోయింది. మగాడి చెమట వాసన తగిలితే దగ్గరికి రావంట. బావగారు చెప్పేరు."

బావగారు. తనని అక్కగారూ అన్నాక ఆయన్ని బావగారూ అనక మరేమంటుంది? అయినా ఆ మాట భూలక్ష్మి చెవిలో ఈగలా దూరింది.

"ఆహా, ఆయనే చెప్పేరా?"

"ఆయ్. మీ చేపల చెరువు మీది పాత వల తెచ్చి దడికి కట్టిందీ ఆయనేనండి. చొక్కా మాత్రం ఉతక్కూడదంట, ఉతికితే ఇంక పనికిరాదంట. అక్కడ పెట్టడానికి నాకైతే మనసొప్పలేదు గానీ, చిట్టి కోసం తప్పలేదండి."

మనసొప్పలేదంట. పరాయి మగాడి చొక్కా పెరట్లో వేలాడదీసుకుని పైగా మనసొప్పలేదంట. భూలక్ష్మి పళ్ళు కొరుక్కుంటూ ఇంట్లోకి వచ్చి కొక్కెం చూసింది. అబ్బులు పచ్చగళ్ళ చొక్కా లేదు. పెట్టెలో లేదు, మాసిన బట్టల్లోనూ లేదు.

సువర్ణ మొగుడు శివనాగరాజు పోయి ఏడాది కాలేదు. మగదిక్కు లేని ఇల్లు, పాపం అని మొదట జాలిపడింది భూలక్ష్మే. ఆ జాలి మొగుడికి అంటుకున్నాక ఆమెకి తగ్గిపోయింది. తన కోడిపుంజును నక్క ఎత్తుకుపోయిన నాడు ఈ అబ్బులే, "నక్కలూ బతకాలి కదే" అంటూ తాపీగా చుట్ట వెలిగించాడు. పక్కింటి బొచ్చుకుక్కకైతే వలలూ, చొక్కాలూ!

అడిగేద్దామనుకుంది. అడిగితే ఆయన ఏదో ఒకటి చెబుతాడు, తను నమ్మేస్తుంది. అందుకే అడగలేదు.

సాయంత్రం దడి సందులోంచి చూస్తే చిట్టి ఆ చొక్కా కిందే కూర్చుని, తలెత్తి దాన్నే చూస్తూ తోకాడిస్తోంది. కుక్కక్కూడా మా ఆయన అలవాటైపోయాడన్నమాట, అనుకుంది. అసూయతో ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు సువర్ణ కుక్కని ఇంట్లో పెట్టి తాళం వేసి, ముమ్మిడివరంలో బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోయింది. భూలక్ష్మి వల పైకెత్తి చొక్కా లాక్కొచ్చింది. సబ్బు పెట్టింది, బ్రష్షు పెట్టి తోమింది, మళ్ళీ సబ్బు పెట్టింది. మా ఇంటి మగాడి చెమట పక్కింటికి కాపలా కాస్తుందా, అనుకుంటూ బండకేసి బాదింది. మరి నక్క వచ్చి కుక్కని ఎత్తుకుపోతే? పోతే పోనీ. కుక్క లేకపోతే వల అక్కర్లేదు, చొక్కా అక్కర్లేదు, బావగారూ అక్కర్లేదు. చిట్టి గుండ్రటి కళ్ళు గుర్తొచ్చి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ వెంటనే ఇంకో చెంబుడు నీళ్ళు పోసి జాడించేసింది.

ఎండకి పెళపెళలాడుతున్న చొక్కాని తీసుకెళ్ళి ఎక్కడిదక్కడే, దడి మీదే పెట్టి వచ్చింది.

పొద్దు వాలింది. ఆటో దిగి సువర్ణ తలుపు తీసిన చప్పుడైంది. తోటలో ఎక్కడో నక్క కూసింది. పెరట్లో చిట్టి ఒకసారి మొరిగి, ఆ తర్వాత చప్పుడు చెయ్యలేదు. ఎంత కోపమున్నా నోరులేని జీవం కదా. భూలక్ష్మి దడి వైపు పరిగెత్తబోతుంటే వాకిట్లో మోటారు సైకిలు ఆగింది.

అబ్బులు దిగాడు. ఒంటి మీద పచ్చగళ్ళ చొక్కా.

"ఇదెక్కడిదండీ?" అంది భూలక్ష్మి.

"నాదేనే. ఎప్పుడో చెరువు కాడ పాకలో మర్చిపోయేను. మేత చల్లుతుంటే ఒళ్ళంతా తడిసింది, ఇయ్యాల ఇదే తొడుక్కున్నాను. ఏం?"

"మరి అక్కడున్నది..."

"అక్కగారూ" అని దడి అవతల నుంచి పిలుపు. సువర్ణ ఒక చేత్తో చిట్టిని ఎత్తుకుంది, రెండో చేతిలో చొక్కా. కుక్కకేం కాలేదు. అది చొక్కాని మూతితో అటూ ఇటూ పొడిచి చూసి, ముఖం తిప్పేసుకుని సన్నగా మూలుగుతోంది.

"ఇది మీరు ఉతికేరాండి?"

"ఆయ్... మాసిపోయి ఉంటేనూ..." అంది భూలక్ష్మి.

అబ్బులు దడి దగ్గరికొచ్చి తొంగిచూశాడు. "అది శివనాగరాజు చొక్కా కదూ? శ్యామ్ బాబు పెళ్ళికి ఇద్దరం ఒకే తానులో కుట్టించుకున్నాం. ఆ పెళ్ళికి నువ్వు రాలేదులే, పుట్టింట్లో ఉన్నావు."

సువర్ణ తలూపింది. "ఆసుపత్రికి తీసుకెళ్ళేముందు విప్పి కొక్కేనికి తగిలించేరండి. మళ్ళీ రాలేదు కదా, అలాగే ఉంచుకున్నాను." ఆమె చొక్కాని ముఖానికి ఆనించుకుంది. మడత విప్పి మరో చోట ఆనించుకుంది. కోపం లేదు, గొంతులో ఆ మర్యాదా పోలేదు.

"ఎంత శుభ్రంగా ఉతికేరండీ అక్కగారూ. ఆయన వాసన కొంచెం కూడా మిగల్లేదు."