లైన్లోనే ఉండక్కా

"ఇంగ్లీషు రాకుండా ఫోన్ల కాడ పనికి ఎట్లొచ్చినావమ్మా?" అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

నిస్సీ తల వంచుకుంది. డోన్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రికి ఆయన మేనేజరు. ఆసుపత్రివాళ్లు కొత్తగా అంబులెన్సు కొన్నారు. సోమవారం నుంచి తిప్పుతారు. దానికోసం వచ్చే ఫోన్లు ఎత్తి, వివరాలు కంప్యూటర్లో ఎక్కించడానికి ఒక మనిషి కావాలి. ఆమెకంటే ముందు ఇంటర్వ్యూకు లోపలికి వెళ్లిన పద్మప్రియ అనే అమ్మాయి గడగడా ఇంగ్లీషు మాట్లాడి, నవ్వు మొహంతో బయటికొచ్చింది. నిస్సీది పల్లెబడి చదువు. కంప్యూటర్ నేర్చుకున్నది మూడే నెలలు.

"అర్థమవుతాది సార్. మాట్లాడాలంటేనే నోరు తిరగదు."

"సరే, చూద్దాం. ఇప్పుడీ ఫోన్ మోగుతాది. పక్క గదిలోంచి మావాళ్లే చేస్తారు. నిజంగా ఆపదలో ఉన్నోళ్ల మాదిరే ఏడుస్తారు, తిడతారు. బెదరకుండా అన్నీ అడిగి, ఆ తెర మీద గడులన్నీ నింపల్ల. మూడు నిమిషాలే..."

ఆయన మాట పూర్తికాకముందే ఫోన్ మోగింది.

నిస్సీ రిసీవరు ఎత్తి, పొద్దున్నుంచి వల్లెవేసిన వాక్యం అప్పజెప్పింది. "గుడ్ మార్నింగ్ సార్, హౌ కెన్ ఐ హెల్ప్ యూ?"

"ఏమంటాండావు పాపా? నాకు తెలీదు," అవతల ఆడగొంతు. "మా ఆయన కాలు మింద రాయి పడింది. ఈడ గోడ మీద మీ నంబరుంటే చూసి చేస్తాండాం. బండి పంపియ్యి తల్లీ."

ఆ గొంతు నిజంగానే వణుకుతున్నట్టుంది. ఎవరో గానీ శానా బాగా నటిస్తోంది అనుకుంది నిస్సీ. ఇంగ్లీషు అక్కడే వదిలేసింది.

"అక్కా, నేను చెప్పేది విను. నీ పేరేంది? యాడుండారు?"

"మహాదేవమ్మ. గని కాడ ఉండాం. బేతంచెర్ల."

"బేతంచెర్లలో శానా గనులుండాయి కదక్కా. మీది యాడ?"

"యాడంటే ఏం చెప్పల్ల? చుట్టూ రాళ్లే."

తెర మీద డోర్ నంబరు, వీధి పేరు అని రెండు గడులు ఖాళీగా వెక్కిరిస్తున్నాయి. నిస్సీ ఒక్క క్షణం ఆలోచించింది.

"ఈ ఫోన్ ఎవరిదక్కా?"

"లారీ డ్రైవరుది."

"ఆయన్న లారీ ఏ దోవన తెచ్చినాడో అడుగు."

అవతల ఏవో మాటలు కలగాపులగంగా వినిపించాయి. "రైలుగేటు దాటినాక ఎడమపక్క మట్టిదోవంట. నీళ్లట్యాంకు కాడినుంచి రెండో గని."

నిస్సీ రెండు వేళ్లతో టైపు కొడుతూ అదంతా చివరి గడిలో ఎక్కించింది. రాఘవేంద్రప్రసాద్ గడియారం చూసుకున్నాడు.

"రాయి తీసినారా? రక్తం కారతాందా?"

"నలుగురూ కలిసి లేపినారు. రక్తం ఆగలే పాపా."

చర్చిలో పెట్టిన వైద్యశిబిరంలో నర్సమ్మ చెప్పింది నిస్సీకి గుర్తుంది. "నీ కొంగు మడిచి గాయం మీద పెట్టి, రెండు చేతుల్తో గట్టిగా అదుము. ఫోన్ ఆ అన్నను పట్టుకోమను. చెయ్యి మాత్రం తియ్యద్దు. లైన్లోనే ఉండక్కా."

అవతల ఎగశ్వాస వినిపించింది. తర్వాత ఆ గొంతు సన్నగా వచ్చింది. "కండ్లు మూస్తాండాడు పాపా."

"పేరు పెట్టి పిలువు."

"మొగుని పేరు పెట్టి ఎట్ల పిలిచేది?"

"పిలువక్కా. ఈ పొద్దు తప్పు లేదు."

అవతల, జన్మలో ఎన్నడూ పలకని మాటను పలుకుతున్నట్టు, "గిడ్డయ్యా... ఓ గిడ్డయ్యా..." అన్న పిలుపు.

ఇది పరీక్షేనన్న సంగతి కూడా నిస్సీ మనసులో లేదు.

"పలికినాడు పాపా. నీళ్లు అడుగుతాండాడు."

"తాపద్దు. పెదాలు తడుపు, చాలు." రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి ఆమె మేనేజరు వైపు తిరిగింది. "సార్, బండికి చెప్పల్ల కదా?"

"చెప్పినట్టే అనుకొని కానీయమ్మా. టైమెప్పుడో అయిపోయింది."

నిస్సీ చెయ్యి తీసింది. "బండి బయల్దేరిందక్కా."

"నిజంగానా?"

"నిజంగానే. నువ్వు చెయ్యి తియ్యకుండా అదిమిపట్టుకో, అంతే."

"నీ కడుపు సల్లగుండ. గేటు కాడికి మనిషిని పంపిస్తా, దోవ చూపిచ్చేకి," అంది మహాదేవమ్మ. ఫోన్ తెగిపోయింది.

నిస్సీ రిసీవరు పెట్టేసింది.

"తొమ్మిది నిమిషాలు," అన్నాడు రాఘవేంద్రప్రసాద్, కాగితం మీద ఏదో కొట్టేస్తూ. "గుడ్ మార్నింగ్ తప్ప ఇంగ్లీషు ముక్క లేదు. అక్కా అన్నా అంటూ, సంతలో మాట్లాడినట్టు మాట్లాడినావు. రెండు గడులు ఖాళీ. ఏమనుకోవద్దమ్మా, ఈ పని నీకు కుదరదు."

నిస్సీ సర్టిఫికెట్ల సంచి తీసుకుని లేచింది. అంతలో పక్క గది తలుపు తెరుచుకుంది. అక్కడినుంచి ఫోన్ చేయాల్సిన గుమాస్తా ప్రదీప్‌కుమార్ లోపలికి వచ్చాడు.

"ఏమప్పా ప్రదీపూ," నవ్వాడు మేనేజరు, "ఆడగొంతు పెట్టి ఆ పిల్లను అంతసేపు ఏడిపించల్లనా?"

ప్రదీప్‌కుమార్ అయోమయంగా ఇద్దరి వంకా చూశాడు.

"నేనేడ మాట్లాడినా సార్? అప్పట్నుంచి నంబరు కొడతానే ఉండా, లైను బిజీ వస్తాండాది."