ఏడు పోచలు, ఒకటే ముడి

ఏటి ఒడ్డు తుమ్మచెట్టు మీద ఒక గిజిగాడుండేవాడు. లోకంలో ముక్కున్నది తనొక్కడికే అన్నట్టు మిడిసిపడేవాడు. గూటిని కొమ్మకి వేలాడగట్టేటప్పుడు అందరూ పోచకో ముడి వేస్తే, వీడు ఏడు పోచలూ కలిపి ఒకటే ముడి బిగించాడు.

"ఏం బాబాయ్, ఇంకా మూడో ముడేనా? నాది ఎప్పుడో అయిపోయింది!" అని పక్క కొమ్మ ముసలాణ్ణి ఆటపట్టించాడు.

"కానీరా అబ్బాయ్. నాకు తొందరేం లేదు," అన్నాడు ముసలాడు.

గూట్లో పిల్లలకి రెక్కలు రావడానికి మూడు రోజులుందనగా గాలివాన పట్టుకుంది. రెండు గూళ్లూ ఒరిగాయి. ముసలాడు కుళ్లిన పోచ ముడి ఒక్కటే విప్పి, కొత్త పోచ కట్టేసుకున్నాడు.

"మనదీ కట్టవయ్యా!" అంది గిజిగాడి పెళ్లాం గూటి లోపల్నించి.

వెతికాడు. ఏడూ ఒకే ముద్ద. కుళ్లిందేదో తెలియాలంటే ముడి విప్పాలి. విప్పితే పిల్లలు ఏటిపాలు.

జారిపోతున్న ముడిని ముక్కుతో కరిచిపట్టాడు.

"దొరికిందా? మాట్లాడవేం?"

నోరు తెరిస్తే ముడి జారిపోతుంది. మూడు పగళ్లు, మూడు రాత్రులు వానలో అలాగే వేలాడాడు. ఆఖరి పిల్ల ఎగిరాక నోరు తెరిచాడు. గూడు ఏట్లో కొట్టుకుపోయింది.

"బాబాయ్," అన్నాడు, "ఆ మొదటి ముడి ఎలా వేస్తావో చూపించవా?"