కాలవ గట్టు మీద తాడు

నా కథల్లో అక్షరం కూడా అబద్ధం ఉండదు, కావాలంటే వెతుక్కోండి.

చీకటి పడ్డాక న్యూజెర్సీలో పాత కాలవ గట్టు మీద రాజగోపాల్ కాళ్లీడ్చుకుంటూ ఇంటికి నడుస్తున్నాడు. మోకాళ్ల నొప్పితో భార్య సుభద్ర నాలుగడుగులు వెనకపడింది. ఒకప్పుడు ఈ గట్టు మీద కంచరగాడిదలు తాళ్లతో పడవల్ని లాగేవి. రైళ్లొచ్చాక అవన్నీ ఆగిపోయాయి.

నడుస్తూనే అతను కాలెత్తి దేన్నో దాటాడు. చిన్నప్పుడు గోదావరి కాలవ మీద నాన్నతో పడవ లాగినవాడు, తాడు దాటడం కాళ్లకే అలవాటు. మరి ఇక్కడ పడవేది? వెనక తడితాడు నేలకి రాసుకుంటూ బిగుస్తున్న చప్పుడు.

"సుభద్రా, కాలెత్తి దాటు! తాడుంది!"

"చాల్లెండి మీ పరాచికాలు, వస్తున్నా పదండి," అంది ఆవిడ.

ఆ చప్పుడు మెల్లగా నీళ్లలోకి జారి ఆగిపోయింది.

సరే, ఒప్పుకుంటున్నా. ఆవిడ జవాబొక్కటే నేను కల్పించాను. వెనకనుంచి ఏ మాటా రాలేదు.