నేరేడు రంగు

రంగుమందు ఎక్కించి రామనాథం డాక్టరు సూది తీసేసరికి ఎర్రెద్దు మెడ మీద నెత్తుటి చుక్క నిలిచింది. సమ్మయ్య దాన్ని తువ్వాలు కొసతో తుడిచాడు. లక్కడ్‌కోట్ నుంచి రాజూరా పశువుల దవాఖానకు అది అడుగడుక్కీ ఆగుతూ వచ్చింది. కళ్లు పచ్చబడ్డాయి. జతది తెల్లెద్దు మాత్రం పక్కనే నిమ్మళంగా నెమరేస్తోంది.

"ఇది పోతే నా ఎవుసం పోయినట్టే సారూ."

"దానికంటె ముందు నువ్వే పోయేటట్టున్నవ్ అన్నా," తమ్ముడు ఆశన్న నవ్వాడు. "పొద్దున కషాయం తాగినవా?"

"తాగిన తియ్‌రా."

"నెల దాటింది. ఏం ఫరకు కనవడ్తలేదు." ఆశన్న అన్న మొహంలోకి పరకాయించి చూశాడు.

సమ్మయ్యకు మోకాళ్ల నొప్పులు. ఆశన్నే వేర్లు దంచి, తన చేత్తో కాచి, అన్న మంచం దగ్గరికి తెచ్చిస్తాడు. పిల్లల్లేని అన్నను కన్నకొడుకులా సాకుతున్నాడని ఊరంతా మెచ్చుకుంటుంది. రాజూరా తాలూకా చాందా జిల్లాలో కలిశాక, అన్న ఒక్కడి పేరునే ఉన్న భూమి కాగితాల కోసం కచేరీ చుట్టూ తిరుగుతున్నదీ అతనే.

"పక్క చేను బాపురావే దీనికి విషం పెట్టిండు సారూ. గట్టు పంచాది ఉన్నది మాకు," అన్నాడు సమ్మయ్య.

"ఆగు. ముందు కార్జం సంగతి చూద్దాం. రెండింటికీ ఒకటే రంగు ఎక్కించిన. కార్జం మంచిగుంటే రంగును జెప్పన తోడేస్తది. చెడితే అది నెత్తుట్లనే తిరుగుతది."

కాసేపాగి డాక్టరు మెడల అవతలి పక్క నుంచి నెత్తురు తీశాడు. అది పేరుకున్నాక, పైన తేరిన నీటిని రెండు గాజుగొట్టాల్లో పోసి మిగిలిన రంగును బయటపెట్టే మందు తలా ఒక చుక్క వేశాడు. తెల్లెద్దుది మారలేదు. ఎర్రెద్దుది నేరేడు పండు రంగుకు తిరిగింది.

"కార్జం ఖరాబైంది. ఇగ బతకదు. ఒక్కనాటి పని కాదు, రోజింత విషం కడుపుల పడ్తుంది."

"రోజా? బాపురావు మా వాకిలి తొక్కక యాడాదాయె!" అన్నాడు సమ్మయ్య.

"పిచ్చాకు ఏదన్న మేసిందేమో," అన్నాడు ఆశన్న.

"రెండూ ఒక్కకాడనే మేస్తయి గద. తెల్లదానికేం కాలేదేంది? ఎర్రదానికొక్కదానికే ఏం పెడ్తున్నరు?"

ఆశన్న తల గోక్కున్నాడు. "తొట్లు వేరు గని గడ్డొకటే, కుడితొకటే సారూ. ఎర్రదాని తొట్టి అన్న మంచం పక్కనే ఉంటది, ఇంకెవ్వరు పోరు దానికాడికి."

సమ్మయ్య చూపు తమ్ముడి చేతుల మీదికి పోయింది. ఎర్రెద్దు ఆయన అరచెయ్యి నాకుతోంది.

ఆశన్న మెల్లగా భుజం మీద చెయ్యేశాడు. "రంది పడకన్నా. ఇంటికి నడువు, ఇంత కషాయం కాచిస్త."

చేదు పడక, ఆ కషాయాన్ని సమ్మయ్య రోజూ ఎర్రెద్దు తొట్టిలోనే పారబోస్తున్నాడు.