గంగులు చూపించిన ఇల్లు

ఏటికి వరదొచ్చి వంతెన మీద మోకాల్లోతు నీళ్ళు పారిన ఏడాది అది.

"సెప్పులు ఇక్కడే ఇడిసేయండి," అన్నాడు గంగులు, ఇంకా గేటైనా తియ్యకుండానే.

యాజులుగారికి ఒళ్ళు మండింది. పొద్దుట్నుంచీ ఈ బ్రోకరుతో ఇదే వరస. అబీద్ సెంటర్లో టీకొట్టు దగ్గర కలవగానే ఆఫీసు కార్డు చూపించమన్నాడు. తర్వాత "మీరిద్దరే రండి, బావమరుదులూ తోడల్లుళ్ళూ వద్దు" అన్నాడు. ఇప్పుడు చెప్పులు.

"ఇల్లు చూడ్డానికొచ్చామా, గుళ్ళో దర్శనానికొచ్చామా?" అని గొణిగారు భార్యతో.

"మీ పాత బ్రోకరు మత్స్యరాజు కన్నా నయమే," అంది వర్ధనమ్మ. "మొన్న ఆ బ్రోకరు తలుపు తోసుకుని తీసికెళ్తే లోపల ఎవరో ఆడపిల్ల తల దువ్వుకుంటోంది. సిగ్గుతో చచ్చాను."

అనకాపల్లి నుంచి బదిలీ మీద వచ్చినప్పట్నుంచీ వాళ్ళది అద్దె కొంపే. ఆ ఇల్లుగలాయన నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఇంక ఇంకొకరి గడప తొక్కి అద్దెకుండనని వర్ధనమ్మ పట్టు. అందుకే ఈ ఇల్లు కుదరాలి. యాజులుగారు చెప్పులు విడిచారు.

గంగులు గేటు దగ్గరే నిలబడి కేకేశాడు. "ఇంట్లో ఎవురండీ! ఇల్లు సూడ్డానికి మనుషులొచ్చేరు. రావొచ్చేటి?"

జవాబొచ్చేదాకా కదల్లేదు. చేతులు తుడుచుకుంటూ ఒకావిడ గుమ్మంలోకొచ్చింది. కళ్ళు నిద్రలేక గుంటలు పడి ఉన్నాయి.

"రండమ్మా," అంది.

"ఈవిడ లోవలక్ష్మిగారు. ఇంటావిడ," అన్నాడు గంగులు.

"ఇంటాయన ఊళ్ళో లేరా?" అన్నారు యాజులుగారు.

"ఆ మాట మీరడక్కూడదు, నేను సెప్పకూడదు. కొనేవోళ్ళలాగే వొచ్చి, మగోడు లేని ఏళ కనుక్కుని, మర్నాడు గిన్నెల్తో సహా ఎత్తుకుపోయినోళ్ళున్నారండి."

"నేను దొంగలా ఉన్నానటయ్యా?"

"దొంగలెప్పుడైనా దొంగల్లాగుంటారేటండి?"

వర్ధనమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ప్రతి గదిలోకీ గంగులే ముందు వెళ్ళాడు. ఇద్దరూ బయటికొచ్చాకే తను వచ్చాడు. వర్ధనమ్మ ఊరికే బీరువా మీద చెయ్యేస్తే, "అమ్మగారూ, గోడలు సూడండి. బీరువా అమ్మకానికి లేదు," అన్నాడు నెమ్మదిగా. దేవుడి గూడు దగ్గర తనే పక్కకి తిరిగి నిలబడ్డాడు.

గోడ మీద మట్టి గీత చూపించాడు. "వరద ఇక్కడిదాకా ఒచ్చిందండి. మళ్ళీ వరదొస్తే మళ్ళీ ఇక్కడిదాకా వస్తాది. పెరట్లో నుయ్యుంది గానీ ఆ నీళ్ళతో పప్పుడకదు."

లోవలక్ష్మి అతని వైపు ఒక్క చూపు చూసి తల దించుకుంది.

యాజులుగారు తెల్లబోయారు. ఇన్ని ఇళ్ళు చూశారు గానీ, లోపం తన నోటితో చెప్పిన బ్రోకర్ని చూడలేదు. "ఇలా చెప్తే ఇంటాయనకి కోపం రాదూ?"

"వస్తాదండి. ఓర్సుకుంటాడు."

చివరి గది తలుపు మూసి ఉంది. వర్ధనమ్మ గడియ మీద చెయ్యి వెయ్యబోతే గంగులు అడ్డం నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"ఇది తియ్యనమ్మా. లోపల పిల్ల పడుకుంది. ఒంట్లో బాలేదు. ముందుగది ఎంతో ఇదీ అంతే, నా మాట నమ్మండి."

లోపల్నుంచి సన్నగా మూలుగు వినిపించింది. లోవలక్ష్మి చప్పున లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

యాజులుగారు గంగుల్ని పెరట్లోకి లాక్కెళ్ళారు. "పెద్ద జబ్బేనా? వైజాగ్ తీసికెళ్ళాలా? అందుకే అమ్ముతున్నారా?"

గంగులు నూతి గట్టు వైపు తిరిగాడు.

"చెప్పవయ్యా బాబూ! వాళ్ళ అవసరం తెలిస్తే ఓ ఇరవై వేలు దిగుతుంది. నీ కష్టం ఉంచుకోన్లే."

గంగులు నూతి గట్టు మీంచి చూపు తిప్పలేదు. "నాను ఇల్లు సూపిస్తానండి," అన్నాడు. "ఇంటోళ్ళ కష్టం సూపించను."

ఆ నల్లటి, చదువులేని, పలుచని మనిషి ముందు యాజులుగారికి ఎందుకో పంచె సర్దుకోవాలనిపించింది.

లోవలక్ష్మి మూడు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చింది. గంగులు పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అయినా తన గ్లాసు వైపు చూడలేదు.

"తీసుకోవయ్యా," అంది వర్ధనమ్మ.

"సూపించే ఇంట్లో ఏటీ ముట్టనండి."

"ఆయనంతేనమ్మా," అంది లోవలక్ష్మి, గ్లాసు వెనక్కి తీసుకుంటూ.

వర్ధనమ్మ భర్త పక్కకి జరిగింది. "ఏవండీ, ఇలాంటి మనిషి చెప్పిన ధర తగ్గించమని అడగడానికి నోరెలా వస్తుందండీ?"

"నాకూ రావడం లేదే," అన్నారు యాజులుగారు. గొంతు సవరించుకున్నారు. "అమ్మా, చెప్పిన ధరకే తీసుకుంటాం. బయానా ఇప్పుడే ఇచ్చేస్తాను."

లోవలక్ష్మి గడప మీద అలాగే కూలబడి మొహానికి చెంగు కప్పుకుంది. గంగులు ఆవిడ వైపు చూడలేదు. వాసాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"బయానా బ్రోకరు కళ్ళముందు ఇంటావిడ సేతిలో పెట్టకూడదండి," అన్నాడు. "రేపు పొద్దున్న మీరే వొచ్చి ఇంటాయనకివ్వండి. పిల్లని ఎల్లుండి బండెక్కించాలి, ఆలీసం సెయ్యకండి."

నోరు జారినట్టు గతుక్కుమని, గబగబా వెళ్ళి గేటు తీసి పట్టుకున్నాడు. వాళ్ళిద్దర్నీ సెంటర్ దాకా దింపి, దండం పెట్టి జనంలో కలిసిపోయాడు.

"ఆ ఇంటాయన పెట్టి పుట్టాడండీ," అంది వర్ధనమ్మ రిక్షాలో. "ఇలాంటి మనిషి దొరకడం మాటలా?"

"రేపు ఆయనతో చెప్తాను," అన్నారు యాజులుగారు. "నీ ఇంటి పరువు నీకన్నా వాడే బాగా కాశాడయ్యా అని."

మర్నాడు పొద్దున్న ఆ ఇంటి తలుపు లోపల్నుంచి తీసి, "ఇంటాయన్ని నానేనండి," అన్నాడు గంగులు.