పక్కింటి పీడ

రోజంతా ల్యాబులో రక్తం, కఫం, మూత్రం పరీక్షించే మనిషి ఆమె. దేనికీ ముక్కు మూసుకోదు.

అలాంటిది, భర్తతో కలిసి కొందామని చూస్తున్న ఖాళీ ఇంట్లోకి చెప్పాపెట్టకుండా వచ్చిన మనిషిని చూడగానే ఆమె ముక్కు మూసుకుంది.

మాసిన గడ్డం. చొక్కా మీద ఎప్పటిదో కూర మరక. గోళ్ళు కొరుకుతూ, కొరికిన ముక్కను అక్కడే తుపుక్కున ఊశాడు.

ఛీ! కొనబోయే ఇంట్లో!

"మీవారేం చేస్తారమ్మా?" అన్నాడు, పాత చుట్టంలా.

"పీహెచ్‌డీ చేస్తున్నానండీ. వచ్చే ఏడాదికి అయిపోతుంది," అన్నాడు ఆమె భర్త. ఎవరేమడిగినా జవాబు చెప్పడం అతని జబ్బు.

"తర్వాత ఉద్యోగం ఈ ఊళ్ళోనేనా?"

"ఇంకా తెలీదు."

"తెలీనప్పుడు ఇల్లెందుకు బాబూ? నేనెరిగినాయన ఇలాగే కొన్నాడు, భార్య చదువుకుంటుండగా. ఆవిడకి ఉద్యోగం ఎక్కడో దూరాన వచ్చింది. ఇల్లేమో అమ్ముడుపోదు. ఆవిడ అక్కడ, ఆయన ఇక్కడ గోడలకి కాపలా."

ఇంతలో బ్రోకరు పరుగెత్తుకొచ్చాడు. ఆ మాసిన గడ్డం మనిషి రెక్క పట్టుకుని బయటికి లాక్కెళ్ళి, చెవిలో ఏదో గొణిగి, నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

"పక్కింటి పీడ లెండి. ఎవరొచ్చినా ఇలాగే బెదరగొడతాడు."

ఇంటికెళ్ళాక భర్త నసిగాడు. "ఒక్క ఏడాది ఆగుదామా?"

"నీ చదువు ఎప్పుడయ్యేను, మనం ఓ ఇంటివాళ్ళం ఎప్పుడయ్యేను? గోడకి మేకు కొట్టాలన్నా ఇంకొకళ్ళని అడుక్కోవాలి. నాకు విసుగొచ్చేసింది."

అతను చెక్కుబుక్కు బయటికి తీశాడు. అడ్వాన్సు ఇచ్చేశారు.

కర్టెన్ల కొలతలు తీసుకుందామని ఆమె ఒంటరిగా వెళ్ళిన రోజు, గుమ్మంలో మళ్ళీ అతనే.

"ఇప్పటికైనా మించిపోలేదమ్మా. కొంచెం నష్టపోయినా..."

"మాకో ఇల్లుంటే నీకెందుకయ్యా కడుపుమంట? మా మీద కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావ్!"

"అది కాదమ్మా. నేను చెప్పానే, ఆ ఇల్లు కొన్నాయన..."

"ఎవడైతే నాకేంటి!"

ఆమె అతని మొహాన తలుపు వేసేసింది. అతని చెయ్యి తగిలిన చోటల్లా తర్వాత తడిగుడ్డతో తుడిచింది. అయినా ఒళ్ళు జలదరిస్తూనే ఉంది.

కొనేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ సంతకాల రోజు దాకా కలవనివ్వకపోవడం ఆ బ్రోకరు పద్ధతి. కలిస్తే వాళ్ళలో వాళ్ళు మాట్లాడేసుకుని, తన కమిషన్ ఎగ్గొడతారని భయం.

ఆ రోజు రానే వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముందు ఆమె సంతకం పెట్టింది. తర్వాత భర్త పెట్టాడు.

పెట్టాక, ఆమె చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"పొద్దున మా గైడు ఫోన్ చేశారు. ఉద్యోగం ఖాయమైందట."

"ఎక్కడ?"

చెప్పాడు. అక్కడికి రైల్లో రాత్రంతా ప్రయాణం.

"పొద్దున్నే తెలిస్తే ఇప్పుడా చెప్పేది?"

"నువ్వు అరుస్తావని..."

అతని మొహం చూడాలంటేనే ఆమెకు రోత పుట్టింది. తనను తాను తలుచుకుంటే అంతకంటే ఎక్కువ పుట్టింది.

"ఓనరుగారూ, రండి రండి! ఇన్నాళ్ళకి మీ ఆవిడ దగ్గరికి వెళ్ళే యోగం పట్టింది," అని బ్రోకరు కేకేయగానే, వెనక బెంచీ మీంచి తలొంచుకుని లేచి వచ్చాడు, ఆమె ఎవరి మొహాన తలుపు వేసిందో ఆ మనిషి.