గడ్డి వాలిన వైపు

"ముందు ఇది సూడండి. ఆ తరవాత తవ్వుకుందురు గాని!"

అప్పలనర్సమ్మ జీపుకి అడ్డంగా నిలబడింది. వెనక ఆమె గొర్రెల మంద. పక్కనే, అనకాపల్లి నుంచి వచ్చిన డ్రాయింగు టీచరు వరహాలక్ష్మి తలుపు రెక్కంత బొమ్మని దుప్పట్లో చుట్టి పట్టుకుని రొప్పుతోంది.

ఇంజనీరు రామ్‌గోపాల్ అయోమయంగా జీపు దిగాడు. సముద్రపు ఒడ్డు దిబ్బ కింది పల్లంలో, సరుగుడు తోట చాటున, గాలిని కొలిచే స్తంభం ఒకటి ఏడాదిగా నిలబడి ఉంది. కూలీలు తాళ్లూ పానాలూ దించుతున్నారు. దిబ్బ మీద ముప్పై గాలిమరలు లేస్తాయని పూడిమడక దాకా చెప్పుకుంటున్నారు. అవి లేస్తే గడ్డి పోతుంది, గడ్డి పోతే మందకి మేత లేదు. అప్పలనర్సమ్మకి ఆ మంద తప్ప ఇంకేమీ లేదు.

"అమ్మా, మేం వచ్చింది తవ్వడానికి కాదు..."

"నీ మాటలు తరవాత బాబూ. మీరు దిబ్బెక్కి సూడరు. అందుకే దిబ్బనే కిందకి మోసుకొచ్చేం. టీచరమ్మా, ఇప్పు!"

దుప్పటి జారింది.

బొమ్మంటే క్యాలెండరు మీద ఉండేదే అనుకునేవాళ్లంతా ఆ పూట అక్కడ ఉండవలసింది. దిబ్బ నెత్తిన గడ్డి, కనుచూపు మేరా గడ్డే. ఏ పోచకా పోచ విడిగా కనిపిస్తోంది. అన్నీ సముద్రానికి వీపు పెట్టి నేల మీదికి వాలిపోయాయి. ఆ వాలు మీదుగా ఎండ జారుకుంటూ పోతోంది. చూస్తున్నవాళ్లకి ఒళ్లు జలదరించింది. ఒక కూలీ పానా కింద పెట్టి దండం పెట్టేశాడు.

రామ్‌గోపాల్ టోపీ తీశాడు.

"జీపు ఎక్కదని నేనెప్పుడూ పైకి వెళ్లలేదండీ. అక్కడ ఇలా ఉంటుందా?"

"అచ్చం ఇలాగే. నాలుగు నెలలు బస్సులో వచ్చి గీసింది పాపం. మొదట గడ్డి నిలువుగా ఏసింది. నేనొప్పుకుంతానా! మూడుసార్లు సెరిపించేను."

"నిజమేనండీ," వరహాలక్ష్మి నవ్వింది. "ఒక్క పోచ తేడాగా ఉన్నా అత్త ఊరుకోలేదు."

"ఏడాది పొడుగునా ఇటే వాలి ఉంటుందా?" ఆయన ఇంకో అడుగు ముందుకొచ్చాడు.

"నేను కాపరానికొచ్చిన కాడి నుంచీ సూత్తన్నాను. ఒక్కనాడు నిటారుగా నిల్సుంటే నన్నడుగు!"

రామ్‌గోపాల్ బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వేలు తగలకుండా గడ్డి వెంబడే చెయ్యి కదిపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"టీచరుగారూ, గాలితో పదిహేనేళ్లుగా పని చేస్తున్నాను. దాన్ని చూడడం మాత్రం ఇదే మొదటిసారి."

లేచి కూలీల వైపు తిరిగాడు. "ఆపండి. సామానంతా జీపులో పెట్టెయ్యండి."

అప్పలనర్సమ్మ టీచరుని వాటేసుకుని ఏడ్చేసింది. ఒక బొమ్మకి ఇంత శక్తి ఉంటుందని వరహాలక్ష్మి కలలో కూడా అనుకోలేదు.

రామ్‌గోపాల్ ఇంకా బొమ్మ మీదినుంచి చూపు తిప్పుకోకుండానే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"సార్, ఇక్కడ గాలి చాలదు, స్తంభం పీకేసి వచ్చెయ్యమన్నారు కదా... పీకడం లేదు సార్, మనం పల్లంలో పాతాం, గాలంతా దిబ్బ మీదుంది!"